రెండు దుఃఖములు

బొంతపల్లి నుండి పటాన్‌చెరునకు వచ్చి పడమటి బాట పట్టినచో, జహీరాబాదు దాటి బీదరు సీమ చేరుదుము. 1948లో ఆ సీమ పడిన దుఃఖమును చదువరులకు జ్ఞప్తికి తేగోరుచున్నాము.

ఆ యేడు డిసెంబరు 9న ఐక్యరాజ్యసమితి జాతిసంహారమును నేరముగా నెంచు ఒడంబడికను అంగీకరించెను. 2015లో ఆ దినమునే హతుల స్మృతిదినముగా నిర్ణయించెను. సరిగా ఆ రోజులలోనే భారత ప్రభుత్వము పంపగా పండిత సుందరలాలు, ఖాజీ అబ్దుల్ గఫారు మొదలగువారు హైదరాబాదు సంస్థానమున పర్యటించుచుండిరి. సెప్టెంబరు సైనికచర్య నాటను, పిదపను 27 వేలు మొదలు 40 వేల వరకు ప్రాణములు పోయెనని వారి అంచనా. హతులలో పెక్కురు ముస్లిములు. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు మిక్కిలి నష్టపడెను. ఆ నివేదిక బహుకాలము ప్రజల కంటబడలేదు.

అంతకుముందు ఆగస్టు 27న రజాకార్లు భైరాన్‌పల్లి గ్రామస్థులను కాల్చి చంపిరి. ఇది దానికి ప్రతీకారమని కొందరందురు. మేమందుకు సమ్మతింపజాలము. రజాకారు చేసిన పాపమునకు అతని మతమున పుట్టిన రైతెట్లు బాధ్యుడగును? ఒకని నేరమును జాతి కంతకు అంటగట్టుటయే జాతిసంహారమునకు బీజము.

సెప్టెంబరు 17న జెండా నెత్తుదము. డిసెంబరు 9న దీపమొకటి వెలిగించి, మన బిడ్డలకు రెండు దుఃఖములను ఒకే కంఠముతో చెప్పుదము.