స్వింగోమీటరు ముల్లు

గడచిపోయిన ఎన్నికల ఫలితములను టెలివిజన్‌పై మరల కూర్చుండి చూచుట వినువారికి వ్యర్థవ్యాపారముగా తోచవచ్చును. గెలిచినవా రెవరో, ఓడినవా రెవరో చరిత్రగ్రంథముల కెక్కి దశాబ్దములు దాటిన పిమ్మట, ఆ ఫలితములు ఒక్కొక్కటిగా వెలువడిన రాత్రిని గంటలతరబడి అనుభవించువానికి దక్కున దేమి? అయినను బ్రిటన్‌లో బి.బి.సి. వారి పార్లమెంటు చానలు వెనుకటి ఎన్నికల రాత్రుల ప్రసారములను అప్పుడప్పుడు యథాతథముగా పునఃప్రసారము చేయుచుండగా, వానిని నిష్ఠతో చూచు ప్రేక్షకవర్గ మొకటి ఏర్పడినది. నేనును ఆ వర్గములోనివాడనే. ఫలితము నెరిగిన మనము, అది ఎరుగని పెద్దమనుష్యుల ముఖములను గమనించుటలో కొంత చిలిపి ఆనందము లేకపోలేదు. కాని రెండు మూడు ప్రసారములు చూచునప్పటికి ఆ సరదా తీరిపోవును. ఆపైన కన్నులను నిలిపి యుంచునది నాయకుల జయాపజయములు కాదు, ఆ స్టూడియో. ఆ బల్లలు, ఆ పటములు, ఆ అంకెల పలకలు, వానినడుమ తిరుగాడు గుమాస్తాలు, దేశ మెటు మొగ్గుచున్నదో ఒక్క ముల్లుతో చూపింపబూనిన ఆ అట్టల యంత్రము.

ఈ ప్రసారముల స్వరూపమును నిర్ణయించినది నిర్మాతల ప్రతిభకంటె ముందు బ్రిటిషువారి ఓట్ల లెక్కింపు పద్ధతి. మన దేశమున రౌండు వెంబడి రౌండు ముగియుచుండగా ఎవరి ఆధిక్య మెంతయో బయటికి వచ్చుచుండును. అమెరికాలో పోలింగు కేంద్రముల మొత్తములు చేరినకొలది అంకెలు పెరుగుచుండును. బ్రిటన్‌లో అట్లు కాదు. ఒక నియోజకవర్గపు పెట్టెలన్నియు ఒక్క హాలునకు చేరి, ఓట్లన్నియు చేతులతో లెక్కింపబడి, తుదకు రిటర్నింగు అధికారి వేదిక నెక్కి, అభ్యర్థులందరు ప్రక్కన బారులుతీరి నిలువబడి యుండగా, పేర్లను అంకెలను బిగ్గరగా చదువును. అంతవరకు అధికారికముగా తెలిసిన దేమియు లేదు. చదివిన తరువాత ఆ స్థానమును గురించి తెలియవలసిన దేమియు మిగులదు. తొమ్మిది గంటలకు, 1970 మొదలు పది గంటలకు, పోలింగు ముగిసిన పిదప మొదటి ప్రకటన వెలువడువరకు స్టూడియోలో కాలక్షేపము చేయవలెను; వెలువడినతోడనే, ఆరువందలకు పైబడిన స్థానములలో ఒక్కటి మాత్రమే తేలియుండగా, దేశముమొత్తముమీద ఏమి జరుగుచున్నదో చెప్పవలెను. మొదట ప్రకటించిన కీర్తికై చెల్టెన్‌హామ్, బిల్లెరికే, గిల్డ్‌ఫర్డ్ వంటి పట్టణములు ఒకదానితో నొకటి పోటీపడెడివి గనుక, దేశభవిష్యత్తు మొదటి అరగంటసేపు ఆ యూళ్ల గుమాస్తాల వ్రేళ్ల చురుకుదనముపై ఆధారపడి యుండెడిదన్నను అతిశయోక్తి గాదు.

1945 ఎన్నికలనాటికి బ్రిటన్‌లో టెలివిజన్ ప్రసారములే లేవు. యుద్ధారంభమున మూతపడిన ఆ శాఖ 1946లో గాని తిరిగి తెరువబడలేదు. కావున 1950 ఫిబ్రవరి 23వ తేది రాత్రియే ఈ ప్రక్రియకు జన్మదినము. అలెగ్జాండ్రా ప్యాలెస్ నుండి వెలువడిన ఆ కార్యక్రమమునకు నిర్మాత గ్రేస్ విండమ్ గోల్డీ. వ్యాఖ్యాత యుద్ధవార్తలకు పేరుగాంచిన చెస్టర్ విల్మట్. నాటి లైసెన్సుల సంఖ్య మూడున్నర లక్షలకు లోపే. ఆ కాలమున బి.బి.సి. యధికారులకు రాజకీయములన్న నెంతటి భయమో నేటివారు ఊహింపజాలరు: ఎన్నికల ప్రచారమును గురించి వార్తలలో ఒక్క మాట పలుకుటకును జంకెడివారు, పార్లమెంటులో పదునాలుగు దినములలోపల చర్చకు రానున్న విషయమును ప్రసారములలో ముట్టరాదను నియమమును శిరసావహించెడివారు. అట్టివారు రాజకీయవేత్తలను గాక ఆక్స్‌ఫర్డు పండితులను స్టూడియోకు పిలుచుకొనుటలో ఆశ్చర్యము లేదు. ఆ పండితులలో ఒకరు ఆర్.బి. మెక్కలమ్, రెండవవాడు ఇరువదియైదేండ్ల డేవిడ్ బట్లర్. ఈ యువకుని గణితమును గురించి విని చర్చిలంతటివాడు ఆ ఎన్నికలకు ముందే ఇంటికి పిలిపించుకొని, ఓట్లనుబట్టి సీట్లను ఊహించు సూత్రమును అడిగి తెలిసికొనెనట. అధికారుల పిరికితనమువలన పుట్టిన ఆ యేర్పాటే, విచిత్రముగా, ఈ ప్రసారములకు శాశ్వతలక్షణ మయ్యెను. ఎవరు గెలువవలెనో చెప్పు స్వేచ్ఛ లేనివారు ఎవరు గెలుచుచున్నారో లెక్కగట్టి చెప్పుటలోనే తమ నైపుణ్యమంతయు వెచ్చించిరి.

1950, 1951 సంవత్సరముల రాత్రులు గాలిలో గలిసిపోయినవి. నేడు మనకు దక్కినవానిలో మొదటిది 1955 నాటిది. అదియు మూడు గంటల భాగము మాత్రమే, తక్కినది రికార్డు కాలేదు. ఆ మూడు గంటలను చూచినప్పుడు తొలుత స్ఫురించునది రద్దీ. లైమ్ గ్రోవ్ అను పాత సినిమా స్టూడియోలో పెద్ద బల్లవెనుక రిచర్డ్ డింబుల్‌బీ, రాజ్యాభిషేకమునకు వ్యాఖ్యానము చెప్పిన కంఠముతోనే, తొందర యెరుగని ధోరణిలో, నియోజకవర్గముల పేర్లు చదువుచుండును. స్లైడ్ రూలు చేతబట్టి బట్లర్ లెక్కలు చేయుచుండును. టెలిఫోనులు మ్రోగును, కాగితములు చేతులు మారును, అంకెలు మనుష్యుల చేతులమీదుగానే తెర కెక్కును. లెక్క ఇంకను ముగియలేదని ప్రేక్షకునికి ఎదుటనే కనబడును. నేటి స్టూడియోలలో అంకెలు ఆకాశమునుండి రాలినట్లు తెరపై వెలయుచుండగా, అవి యెవరు, ఎప్పుడు, ఎచ్చట కూడిరో అడుగవలెనను ఆలోచనయే మనకు రాదు.

బట్లర్ చేసిన లెక్క స్థూలముగా సులభమే. గత ఎన్నికలతో పోల్చి ఒక నియోజకవర్గమున కన్జర్వేటివ్ వాటా నూటికి 3 పెరిగి, లేబర్ వాటా 1 తగ్గెననుకొందము. ఆ రెంటిని కలిపి సగము చేయగా వచ్చిన 2 అను అంకెయే స్వింగ్. చెల్టెన్‌హామ్‌లో కనబడిన స్వింగే గ్లాస్గోలోను కనబడునని నమ్మినచో, మొదటి ఫలితముతోనే పార్లమెంటు రూపురేఖలు చెప్పివేయవచ్చును. ఈ నమ్మకము ఆ కాలమున నిరాధారము కాదు. 1951లో పోలైన ఓట్లలో నూటికి 96కు పైగా ఆ రెండు పార్టీలకే పడినవి. దేశ మొక త్రాసు, దానికి రెండే తట్టలు. పీటర్ మిల్న్ అనునతడు ఈ తలంపునకు కంటి కగపడు రూపమిచ్చి, అర్ధవృత్తాకారపు పలకపై వ్రేలాడు ముల్లు నొకదానిని కల్పించెను. 1955లో ప్రాంతీయప్రసారమున మొదట ప్రయోగింపబడి, 1959లో దేశమంతటికి చూపబడిన ఆ సాధనమునకు స్వింగోమీటరని పేరు. 1964 నుండి దానిని నడపినవాడు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆచార్యుడు, కెనడా దేశీయుడు రాబర్ట్ మెకంజీ. వ్రేలితో ముల్లును నెట్టుచు, ఇంత స్వింగుకు ఇంత మెజారిటీ యని ఆయన వివరించు ఉత్సాహమును చూచినచో ఎంతటి మందమతికైనను లెక్కలపై ప్రీతి కలుగును.

ఇదే కాలమున అమెరికావారు త్రొక్కిన దారి వేరు. 1952 నవంబరులో సి.బి.యెస్. సంస్థ యూనివాక్ అను కంప్యూటరును రంగమున దింపెను. అసలు యంత్రము ఫిలడెల్ఫియాలో నుండగా, న్యూయార్కు స్టూడియోలో దీపములు మిణుకుమిణుకుమను ఉత్తుత్తి పలక నొకదానిని నిలిపిరి. ఐసెన్‌హోవర్‌కు 438 ఎలక్టోరల్ ఓట్లు, స్టీవెన్‌సన్‌కు 93 వచ్చునని ఆ యంత్రము సాయంకాలమే చెప్పెను; పోటీ హోరాహోరీ యని పండితులందరు చెప్పుచుండుటచే దాని మాటను ఎవరును నమ్మక, ప్రకటించుటకు సాహసింపక, లెక్కను సవరించి మెత్తబరచిరి. తుది ఫలితము 442, 89. యంత్రము చెప్పినదే నిజమని ఆ రాత్రి పొద్దుపోయిన పిదప ఒప్పుకొనవలసివచ్చెను. లెక్క కానరానిచోట సత్యమును గూడ నమ్ముట కష్టమని దీనిచే తెలియుచున్నది; అగపడు లెక్క తప్పినప్పుడు ఏమగునో బ్రిటన్‌లో మరి పదునెనిమిదేండ్లకు గాని తేలలేదు.

ఈ నడుమ 1964 రాత్రిని గురించి ఒక్క మాట. లేబర్‌కు మెజారిటీ దక్కినదని మరునాటి మధ్యాహ్నమునకు గాని నిర్ధారణ కాలేదు, దక్కినదియు నాలుగు స్థానములే. ఆ గడియలలోనే మాస్కోలో కృశ్చేవు పదవీచ్యుతుడైన వార్త వచ్చెను; తెల్లవారిన దినముననే చైనా తన మొదటి అణ్వస్త్రమును పరీక్షించెను. డింబుల్‌బీకి అదియే కడపటి ఎన్నికలరాత్రి. మరుసటి యేడు డిసెంబరులో ఆయన మరణించెను. 1979 నుండి 2017 వరకు పది ఎన్నికలలో అదే పీఠమున ఆయన కుమారుడు డేవిడ్ కూర్చుండెను.

ఇక 1970 జూన్ 18. రంగులలో ప్రసారమైన మొదటి ఎన్నికలరాత్రి యిది. పదునెనిమిదేండ్లవారికి ఓటు దక్కిన మొదటి సాధారణ ఎన్నికయు నిదియే. హెరాల్డ్ విల్సన్ నడపు లేబర్ ప్రభుత్వము తిరిగి వచ్చుట ఖాయమని అభిప్రాయసేకరణలలో ఒక్కటి తప్ప అన్నియు చెప్పియుండెను. వ్యాఖ్యాత క్లిఫ్ మిచెల్‌మోర్ మొదలు కార్యక్రమము సమస్తము ఆ యూహకు తగినట్లే అమర్పబడినది. దేశమునకు ప్రతిబింబమని ఎంచిన గ్రేవ్‌సెండ్ నియోజకవర్గమున, ఓటువేసి బయటికి వచ్చువారిని అడిగి సేకరించిన లెక్క మాత్రము కన్జర్వేటివ్‌ల వైపు మొగ్గెను. దానిని చూపుచునే, చూపినవారే పూర్తిగా విశ్వసింపజాలని స్థితి. అంతలో గిల్డ్‌ఫర్డ్ ఫలితము వచ్చెను; స్వింగ్ నూటికి 5కు పైగా, కన్జర్వేటివ్‌లకు అనుకూలముగా. స్వింగోమీటరు పలకపై ఆ వైపున అంత దూరమునకు అంకెలే లేవు. వెనుకటి ఎన్నికలలో రెండు మూడు శాతములకు మించి కదలని దేశము ఈసారి పలక యంచును దాటిపోగలదని దానిని తయారుచేసినవారు తలంపలేదు. అప్పుడు రంగుల పనివాడొకడు కుంచె పట్టుకొని వచ్చి, కార్యక్రమము నడుచుచుండగనే, మిగిలిన అంకెలను పలకపై వ్రాసెను.

ఎన్ని గ్రంథములు చదివినను ఆ కుంచె చెప్పినంత స్పష్టముగా నాటి ఎన్నికలను ఎవరును చెప్పజాలరని నా అభిప్రాయము. సర్వేల వైఫల్యమును గురించి తరువాత సమీక్షలు నడచినవి, వ్యాసములు వెలువడినవి. కాని తమ అంచనా ఎంతవరకు పరిమితమో ఆ పలక అంచులే లోకమునకు చాటియుండెను, అది తప్పినదని ఒప్పుకొనుట ఆ కుంచెవాని చేతిలో నెరవేరెను. కన్జర్వేటివ్ నాయకుడు ఎడ్వర్డ్ హీత్ 330 స్థానములతో ప్రధాని యయ్యెను. మెకంజీ యేమాత్రము కలవరపడక, క్రొత్త అంకెలు ఎప్పటినుండియో అచ్చటనే యున్నట్లు, ముల్లును వానిమీదికి నెట్టెను.

కుంచెతో సరిదిద్దరాని లోపము 1974 ఫిబ్రవరిలో బయటపడినది. లిబరల్ పార్టీకి అరువది లక్షల ఓట్లు వచ్చినవి, స్థానములు 14 మాత్రమే. లేబర్‌కు 301, ఓట్లలో ముందున్న కన్జర్వేటివ్‌లకు 297. ఎవరికిని మెజారిటీ లేదు. స్కాట్లండు జాతీయవాదులు ఏడు స్థానములు గెలిచిరి. రెండు తట్టల త్రాసులో మూడవ తట్టకు చోటేది? ముల్లు ఎడమకో కుడికో కదలవలెనే గాని ముందుకు వచ్చుట దానికి తెలియదు. నాటినుండి ఆ సాధనము ప్రేక్షకుల అభిమానముమీద బ్రదికినదే గాని లెక్కల బలముమీద కాదు.

ఆ గణితము భారతదేశమునకు వచ్చుటకును బట్లరే కారణము. అశోక్ లాహిరి, ప్రణయ్ రాయ్‌లతో కలిసి ఆయన సంకలించిన భారత ఎన్నికల గణాంకగ్రంథము 1984లో వెలువడినది. ఆ సంవత్సరాంతమున లోకసభ ఎన్నికల లెక్కింపు జరుగుచుండగా ప్రణయ్ రాయ్ ఆంగ్లమునను, వినోద్ దువా హిందీలోను దూరదర్శన్‌లో ఫలితములను వివరించిరి. కాగితపు బ్యాలెట్ల కట్టలు విప్పి లెక్కించుట దినములు పట్టెడి పని. ఆ విరామములను దూరదర్శన్ హిందీ చలనచిత్రములతో నింపెడిది. ఒక పాటకును మరొక పాటకును నడుమ ఒక మంత్రి ఓడిపోవుట ఆనాటి ప్రేక్షకులకు సహజముగానే తోచెను.

ఈ దేశమున స్వింగ్ ఒక్కటియే చాలదని బట్లర్, లాహిరి, రాయ్‌లు ముగ్గురును గ్రహించిరి. ఇచ్చట కాంగ్రెసు గెలుపోటములు దానికి పడిన ఓట్లపై ఎంత ఆధారపడునో, ఎదుటి ఓట్లు ఎన్ని ముక్కలైనవను దానిపైనను అంతే ఆధారపడును. కావున ప్రతిపక్షముల మొత్తము ఓట్లలో అన్నిటికంటె పెద్ద ప్రతిపక్షమునకు ఎంత వాటా దక్కినదో లెక్కించి, దానికి ప్రతిపక్ష ఐక్యతాసూచిక యని పేరుపెట్టిరి. బ్రిటిషు ముల్లునకు భారతదేశమున చేరిన రెండవ ముల్లు ఇది.

అయినను రెండు ముళ్లును ఆంధ్రప్రదేశ్ యెదుట తలవంచినవి. ఇందిరాగాంధీ హత్యానంతరము దేశమంతట కాంగ్రెసు 400 స్థానములు దాటి గెలిచిన ఆ డిసెంబరులో, ఇచ్చటి 42 స్థానములలో తెలుగుదేశము 30 గెలిచి లోకసభలో ప్రధానప్రతిపక్షమై కూర్చున్నది. కాంగ్రెసుకు దక్కినవి ఆరు. దేశముమొత్తముమీద రెండే స్థానములు గెలిచిన భారతీయ జనతాపార్టీకి అందొకటి హనుమకొండ, అచ్చట ఓడినవాడు పి.వి. నరసింహారావు, ఆయన మహారాష్ట్రలోని రాంటెక్ నుండి గూడ నిలిచియుండుటచే లోకసభకు చేరగలిగెను. ఐదేండ్ల పిదప, 1989లో, దేశమంతట కాంగ్రెసు బలము 197కు దిగి రాజీవ్‌గాంధీ ప్రభుత్వము పోవుచుండగా, ఆంధ్రప్రదేశ్‌లో అదే కాంగ్రెసుకు 39 స్థానములు, తెలుగుదేశమునకు రెండు. ఈ రెండు ఎన్నికలలోను ఢిల్లీ స్టూడియోలో చూపిన జాతీయస్వింగును హైదరాబాదులో టి.వి. ముందు కూర్చున్నవారు ఋణచిహ్నము తగిలించి చదువుకొనవలసి వచ్చెను.