పేరులో తాత, పిలుపులో బుజ్జి

వేంగి రాజుల వంశావళి బట్టీ పట్టే విద్యార్థి ఎనిమిదో శతాబ్దం దగ్గరికి వచ్చేసరికి తల పట్టుకుంటాడు. మూడో విష్ణువర్ధనుడి కొడుకు మొదటి విజయాదిత్యుడు. అతని కొడుకు నాలుగో విష్ణువర్ధనుడు, అతని కొడుకు రెండో విజయాదిత్యుడు. ఆ తర్వాత అయిదో విష్ణువర్ధనుడు, ఆయన తర్వాత గుణగ విజయాదిత్యుడు. ఆరు తరాలకు రెండే పేర్లు! తూర్పు చాళుక్యులకు పేర్లు దొరకక కాదు. తండ్రి పేరు కొడుక్కి పెట్టకూడదు, తాత పేరు మనవడికి పెట్టి తీరాలి అన్న పట్టింపు అది.

ఆ పట్టింపు వాళ్లతో మొదలైంది కూడా కాదు. వాళ్లకు కొన్ని శతాబ్దాల ముందు, కృష్ణ ఒడ్డున విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకుల్లో తాత శాంతమూలుడు, కొడుకు వీరపురుషదత్తుడు, మనవడు ఎహువల శాంతమూలుడు. నాగార్జునకొండ శాసనాల్లో ఈ పేర్లన్నీ ఉన్నాయి. తర్వాతి కాలంలో కాకతీయులదీ అదే దారి: బేతరాజు కొడుకు ప్రోలరాజు, అతని కొడుకు మళ్లీ బేతరాజు, అతని కొడుకు మళ్లీ ప్రోలరాజు. చోళులైతే పేర్లతో ఆగలేదు. రాజకేసరి, పరకేసరి అనే రెండు బిరుదులను పట్టానికి వచ్చిన వాళ్లు వంతులవారీగా ధరించేవారు.

దీనికి శాస్త్రం అండ కూడా ఉంది. క్రీస్తు పూర్వం రెండో శతాబ్దపు పతంజలి మహాభాష్యం మొదట్లోనే, వ్యాకరణం ఎందుకు చదవాలో చెబుతూ, పిల్లవాడి పేరు సంగతి ఎత్తుతాడు. పుట్టిన పదో రోజు దాటాక పేరు పెట్టాలట. అది మూడు తరాల పూర్వీకులను తలపించాలి, శత్రువుల ఇంట వాడుకలో ఉన్నది కాకూడదు. ఈ చివరి షరతు తెలుగు ఇళ్లలో ఇప్పటికీ బతికే ఉంది. దాయాదుల ఇంట్లో గిట్టనివాడి పేరు ఎంత చక్కనిదైనా బారసాల నాడు బియ్యంలో ఎవరూ రాయరు.

మూడు తరాల లెక్క పేరుతోనే అయిపోదు. పెళ్లిలో కన్యాదానం వేళ వధూవరుల ముత్తాత, తాత, తండ్రి పేర్లను పురోహితుడు వరసగా చదువుతాడు. తద్దినం నాడూ తలచుకునేది ఆ మూడు తరాలనే. తాత పేరు మనవడికి పెట్టిన ఇంట ఆ వరసలో ఒకే పేరు రెండుసార్లు వినిపిస్తుంది. తెలియనివాళ్లకు పంతులుగారు తడబడ్డారేమో అనిపిస్తుంది.

అయితే పేరు పెట్టడంలో ప్రేమ ఒక్కటే ఉండదు, హక్కు కూడా ఉంటుంది. అందుకు వేంగి కథే గట్టి సాక్ష్యం. చాళుక్య విమలాదిత్యుడికి ఇద్దరు భార్యలు. ఒకరు తంజావూరు రాజరాజ చోళుడి కూతురు కుందవ. ఈమెకు ఆ పేరు వచ్చింది మేనత్త నుంచి. రాజరాజ చోళుడి అక్క పేరు కుందవ. రెండో భార్య మేళమ. కుందవ కొడుక్కి తల్లివైపు తాత పేరు పెట్టారు, రాజరాజు అని. నన్నయ చేత భారతం తెనిగింపజేసిన రాజరాజ నరేంద్రుడు ఇతనే. మేళమ కొడుకు మాత్రం విజయాదిత్యుడయ్యాడు, అంటే తండ్రి వంశపు పాత పేరు. సవతి తల్లుల బిడ్డలిద్దరూ వేంగి గద్దె కోసం దశాబ్దాల తరబడి కొట్లాడుకున్నారు. ఎవరి వెనక ఎవరున్నారో పేర్లను బట్టే ఊహించవచ్చు. రాజరాజ నరేంద్రుడికి మేనమామ రాజేంద్ర చోళుడు సైన్యాన్ని పంపాడు, కూతురు అమ్మంగను ఇచ్చి పెళ్లీ చేశాడు. అమ్మంగ కొడుక్కి పెట్టిన పేరు రాజేంద్రుడు, మళ్లీ తల్లివైపు తాతదే. ఆ మనవడు 1070లో చోళ సింహాసనమే ఎక్కి కులోత్తుంగుడయ్యాడు.

మామూలు ఇళ్లలో పంచుకోవడానికి రాజ్యాలు లేవు గానీ తగవులకు కొదవ లేదు. మొదటి మగపిల్లవాడికి నాన్నవైపు తాత పేరు, రెండోవాడికి అమ్మవైపు తాత పేరు అన్నది చాలాచోట్ల నడిచిన ఒప్పందం. రెండోవాడు పుట్టకపోతే? ఇద్దరు తాతల పేర్లూ కలిపి ఒకే బిడ్డకు తగిలించేవారు. తాత బతికుండగా ఆయన పేరు పెట్టవచ్చా అన్నది ఇంటికో తీరు. తాత పోయిన కొన్నాళ్లకే మగబిడ్డ పుడితే మాత్రం ఆయనే మళ్లీ వచ్చాడనేవారు, ఇక వేరే పేరు ఊసే ఉండేది కాదు.

అసలు చిక్కు బారసాల మర్నాడు మొదలయ్యేది. కోడలు మామగారి పేరు నోట పలకకూడదు. చంకనెక్కిన పిల్లవాడిదేమో అదే పేరు. పిలవాలంటే తప్పు, తిట్టాలంటే మరీ తప్పు. "ఒరేయ్ సుబ్బారాయుడూ" అని కోడలు కేకేస్తే అరుగు మీది సుబ్బారాయుడుగారు ఉలిక్కిపడరూ? అందుకే బుజ్జి, చిన్నా, అబ్బాయి, నాని పుట్టుకొచ్చాయి. ముద్దు పేర్లన్నీ ముద్దు కోసం పుట్టినవి కావు. వాటిలో సగం మర్యాద కోసం పుట్టినవే. బడి రిజిస్టరులో తాత పేరు నిద్రపోతుంటే, అరవై ఏళ్లు వచ్చినా ఊళ్లో ఆయన బుజ్జిగారే.

ఒకే ఇంట్లో ఒకే పేరు ఇద్దరికి ఉంటే లోకమే ఆనవాలు కడుతుంది. నెల్లూరు సీమలో కవి తిక్కనకు పెదతండ్రి కొడుకూ తిక్కనే. కత్తి పట్టాడు కాబట్టి ఖడ్గ తిక్కన అన్నారు. మన కాలంలో 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయిన నందమూరి తారక రామారావుకు ఆ ఏడు మే 20న పుట్టిన మనవడు అచ్చంగా అదే పేరుతో సినిమాల్లోకి వచ్చాడు. జనం ఒకరిని పెద్ద ఎన్టీఆర్ అని, మరొకరిని జూనియర్ అని విడదీసుకున్నారు. దగ్గుబాటి రామానాయుడి మనవడు రానా అసలు పేరు కూడా రామానాయుడే. తాత పేరు రెండక్షరాలకు కుదించుకుపోయినా చోటు మాత్రం వదల్లేదు.

సముద్రం దాటినవాళ్ల దగ్గర ఇది ఇంకో మలుపు తిరిగింది. 1834 తర్వాత కూలి ఒప్పందాల మీద మారిషస్ వెళ్లిన తెలుగువాళ్లను, కోరంగి రేవు పేరు మీద అక్కడ కోరంగివాళ్లన్నారు. వాళ్లలో చాలామందికి ఇంటిపేరు గుమాస్తా పుస్తకాల్లోకి ఎక్కనే లేదు. మొదట ఓడ దిగినవాడి పేరే తరతరాలకూ ఇంటిపేరైంది. అప్పడు, వెంకటసామి వంటివి అక్కడి వారసులు ఇప్పటికీ మోస్తున్నారు. ముత్తాతను ఇంతకంటే గట్టిగా గుర్తుంచుకున్న తెలుగు పద్ధతి లేదు, అది ఎవరూ కోరి తెచ్చుకున్నది కాకపోయినా.

ఇక్కడ ఇంకా తగువు తెగని ఇళ్లవాళ్లకు ఒక మాట. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం బిడ్డ పుట్టుకను పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు. తర్వాత 12 నెలల లోపు పేరు చేర్పించుకుంటే రుసుము లేదు, రుసుము కడితే 15 ఏళ్ల దాకా గడువుంది.