మన ఫారంలో 'ఏయూ' ఎందుకుంది? బెజవాడ నుంచి వాల్తేరు దాకా ఓ యూనివర్సిటీ కథ

ఈఏపీసెట్ అప్లికేషన్ నింపినవాళ్లకి ఒక గడి గుర్తుండే ఉంటుంది. లోకల్ ఏరియా: ఏయూ, లేదంటే ఎస్వీయూ. అమలాపురం, రాజోలు, కొత్తపేట పిల్లలంతా ఆలోచించకుండా ఏయూ అని పెట్టేస్తారు. కానీ మనకి దగ్గర్లో ఉన్నవి రాజమండ్రి నన్నయ యూనివర్సిటీ, కాకినాడ జేఎన్‌టీయూ. ఎక్కడో 200 కిలోమీటర్ల అవతలున్న వైజాగ్ యూనివర్సిటీ పేరు మన ఫారంలోకి ఎలా వచ్చింది?

దీనికి వందేళ్ల వెనక్కి వెళ్లాలి. అప్పట్లో కోస్తా, సీమ కాలేజీలన్నీ మద్రాసు యూనివర్సిటీ కిందే. మాకు మా యూనివర్సిటీ కావాలని ఆంధ్రోద్యమం గట్టిగా అడిగింది. సరే, ఇస్తామన్నారు. అసలు గొడవ అక్కడే మొదలైంది: ఏ ఊళ్లో పెట్టాలి?

రాజమండ్రికి పేరున్న పాత కాలేజీ ఉంది, వీరేశలింగం పంతులుగారు పాఠాలు చెప్పిన చోటు. బెజవాడ పెద్ద రైల్వే జంక్షను, అన్ని జిల్లాలకీ మధ్యలో ఉంది. విశాఖకి సముద్రం, కొండలు, కావలసినంత ఖాళీ జాగా, కట్టుబడిలో ఉన్న హార్బరు. సీమ వాళ్లేమో మాకు అనంతపురం కావాలన్నారు. కోనసీమ నుంచి చూస్తే రాజమండ్రే దగ్గర. కానీ మనల్ని అడిగిందెవరు?

1926 ఏప్రిల్ 26న ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలైంది. మొదటి వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డిగారు. నాలుగేళ్లు తిరిగేసరికి, 1930లో, మకాం వాల్తేరుకి మారింది. ఆ ఏడాదే ప్రభుత్వ అణచివేతకి నిరసనగా కట్టమంచి రాజీనామా చేశారు (1936లో మళ్లీ వచ్చారు). తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇస్తానన్నారు. ఆ రోజుల్లో లక్ష అంటే మాటలు కాదు. 1942లో విశాఖ మీద జపాన్ బాంబులు పడితే యూనివర్సిటీ కొన్నాళ్లు గుంటూరుకి వెళ్లి, యుద్ధమయ్యాక తిరిగొచ్చింది.

సీమ మాత్రం దీనికి ఒప్పుకోలేదు, మద్రాసు యూనివర్సిటీ కిందే ఉండిపోయింది. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురానికి యూనివర్సిటీ కేంద్రం అని రాసుకున్నారు. తీరా 1954లో ఎస్వీయూ వచ్చింది తిరుపతికి! అనంతపురానికి శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ వచ్చేసరికి 1981. మాటకి, అమలుకి ఎంత దూరమో చూడండి.

ఇప్పుడు మన గడి దగ్గరికి వద్దాం. 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. అందులో లోకల్ ఏరియాల్ని ఈ యూనివర్సిటీల పేర్లతోనే గీశారు. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఏయూ. సీమ, నెల్లూరు ఎస్వీయూ. 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే. అంటే కాకినాడలో సీటు కోసం అమలాపురం అమ్మాయి పోటీపడేది పక్కూరి వాళ్లతోనే కాదు, శ్రీకాకుళం, ఒంగోలు పిల్లలతో కూడా. 2006లో నన్నయ యూనివర్సిటీ వచ్చి ఉభయ గోదావరి డిగ్రీ కాలేజీలు దాని కిందకి వెళ్లాయి, గడిలో పేరు మాత్రం మారలేదు.

అమలాపురం ఎస్‌కేబీఆర్ కాలేజీ 1951లో పెట్టారు. ఒకే ఇంట్లో బాబాయి డిగ్రీ సర్టిఫికెట్ మీద 'ఆంధ్ర', అన్నయ్య దాని మీద 'నన్నయ' ఉంటుంది. 'ఏయూ అంటే ఆ విలువే వేరు' అని బాబాయి అంటాడు. పీజీకి ఆ మాట కొంత నిజం: పాత డిపార్ట్‌మెంట్లు, పెద్ద లైబ్రరీ, పైగా ఊరే ఒక చదువు. కానీ హాస్టల్ ఖర్చు భరించలేని ఇంటికీ, ఆడపిల్లని దూరం పంపని ఇంటికీ ఆ విలువ ఏం చేసుకోవడానికి? నన్నడిగితే అలాంటి పిల్లలకి చదువు ఆగకుండా ఉండాలంటే రాజమండ్రే గతి, దాన్ని చిన్నచూపు చూడటం అన్యాయం.

దూరం కూడా కిలోమీటర్లలో కాదు, రేవుల్లో లెక్కపెట్టేవాళ్లు మనవాళ్లు. ముక్తేశ్వరం రేవులో పంటెక్కి కోటిపల్లిలో దిగితేనే కాకినాడ దారి. రాజోలు వైపు వాళ్లకి సఖినేటిపల్లి రేవు దాటితే నరసాపురం. యెదుర్లంక నుంచి లోక్‌సభ స్పీకర్ దాకా ఎదిగిన బాలయోగిగారు కూడా పీజీకి కాకినాడ, లా చదవడానికి విశాఖ వెళ్లినవారే. 2002లో ఆయన పోయారు. అదే ఏడాది యానాం, యెదుర్లంక మధ్య వంతెన తెరిచారు. దానికి ఆయన పేరే పెట్టారు. ఆ వంతెన మీద నుంచే ఇప్పుడు మన పిల్లలు కాకినాడకి రోజూ బస్సులో వెళ్లొస్తున్నారు.