ఫ్లోరోసిస్ కీళ్ల జబ్బు (పశ్చిమ ప్రకాశం)

తాగునీటిలోని ఫ్లోరైడు ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుపోయి వచ్చే వ్యాధి. దర్శి ప్రాంత రైతులు 1930ల తొలినాళ్లలో, ముందుగా తమ ఎద్దులు కీళ్లు పట్టేసి నడవలేకపోవడం గమనించారని చెబుతారు. మనుషుల్లో దీన్ని 1937లో వైద్య పరిశోధకుడు షార్ట్ బృందం అప్పటి నెల్లూరు జిల్లాలో వర్ణించింది. మన దేశంలో ఇది తొలి వర్ణనల్లో ఒకటి. ఆ జిల్లాలో ఉన్న దర్శి, పొదిలి, కనిగిరి 1970లో ప్రకాశం జిల్లాలో చేరాయి. కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు కూడా అప్పుడే వచ్చాయి.

మొదట్లో మామూలు కీళ్లవాతంలాగే ఉంటుంది: నడుము, మెడ బిగుసుకోవడం, మోకాళ్ల నొప్పి. తర్వాత స్నాయువులు సున్నంలా గట్టిపడి వెన్ను వంగిపోతుంది. పిల్లల్లో మోకాళ్లు లోపలికి ఒరగవచ్చు. నొప్పి మామూలు కీళ్లవాతానిదో ఫ్లోరోసిస్‌దో తేల్చడానికి ఎక్స్‌రే అవసరం. ముంజేతి ఎముకల మధ్య పొర గట్టిపడటం ఫ్లోరోసిస్‌కు బలమైన ఆనవాలు.

పేరుకున్న ఫ్లోరైడును తీసేసే మందు లేదు. నీరు మార్చడమే మార్గం. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు సర్దుకోవచ్చు. కాచినా ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.