నుకులావు దీవిలో సెలవు

ఆదివారం ఉదయం చాదర్‌ఘాట్ వంతెన దాటి, కోఠీ మీదుగా అబిడ్స్ దాకా నడిచి వెళ్ళడం నాకు ఏనాటి నుంచో ఉన్న అలవాటు. మూసిన దుకాణాల మెట్ల మీదా, కాలిబాట మీదా పరిచే పాత పుస్తకాల కోసమే ఆ నడక. మొన్నటి ఆదివారం ఆ గుట్టల్లో నాకు నవల దొరకలేదు, నిఘంటువూ దొరకలేదు. ఒక విహారయాత్రల పుస్తకం దొరికింది. నున్నటి కాగితం, ఎవరో అట్ట మీద టీకప్పు పెట్టిన మరక, వెల పది రూపాయలు. నిండా పసిఫిక్ దీవులే: బోరా బోరా, సమోవా, ఐతుతాకి, చివరగా ఫిజీ. ప్రతి పుటలోనూ అదే నీలం, అదే కొబ్బరిచెట్టు, నీటిమీద గుంజలపై నిలబెట్టిన అదే గడ్డికప్పు కుటీరం. అక్కడికి వెళ్ళినవాడికి పనీ లేదట, గడియారమూ లేదట.

ఫిజీ దగ్గర నా వేలు ఆగిపోయింది. పండితులు దాన్ని మెలనీషియాలో చేరుస్తారు గానీ, నిజానికి అది పొలిమేర గ్రామం వంటిది. తూర్పున ఉన్న లావు దీవుల మీద పాలినీషియన్ టోంగా ఛాయ గాఢంగా ఉంటుంది. 1881లో ఫిజీలో కలిసిన రొటుమా దీవివాసులు పాలినీషియన్లే. విదేశీ యాత్రికులలో ఎక్కువమంది విమానం దిగే ఊరి పేరు చదవడానికి 'నాడి'లా కనిపిస్తుంది, పలకడానికి మాత్రం 'నాంది'. తెలుగువాడికి ఇంతకంటే అనువైన ప్రవేశం ఎక్కడుంటుంది!

లాగూన్ అన్నదానికి మనకు ఒక మాట స్థిరపడలేదు. ఉప్పునీటి సరస్సు అనగానే పులికాట్ గుర్తొస్తుంది. పులికాట్‌కూ సముద్రానికీ మధ్య శ్రీహరికోట ఇసుకనేల అడ్డు. ఆ దీవులకు పగడపు దిబ్బ అడ్డు. అగ్నిపర్వతం మెల్లగా కుంగుతూ ఉంటే, దాని అంచున పగడపు జీవులు పైపైకి గూళ్ళు కట్టుకుంటూ పోతాయనీ, ఆ గోడకూ దీవికీ మధ్య మిగిలిన నీరే ఆ మడుగనీ డార్విన్ 1842లో వెలువరించిన పుస్తకంలో వివరించాడు. లోపలి నీటిని అద్దంలా నిలబెట్టేది ఆ గోడే. బయటి నుంచి వచ్చే ఓడను చీల్చేదీ ఆ గోడే. కలకత్తా నుంచి కూలీలను తెస్తున్న 'సిరియా' అనే ఓడ 1884 మే 11 రాత్రి రేవా నది మొగ దగ్గరి నాసిలాయి దిబ్బకు తగిలి బద్దలైంది. 59 మంది మరణించారు.

ఆ నదీముఖం దగ్గరే, సువా రేవుకు తూర్పున, నుకులావు అనే చిన్న దీవి ఉంది. చుట్టూ పగడపు దిబ్బ, తెల్లని ఇసుక, కొబ్బరిచెట్లు, అంటే విహారయాత్రల పుస్తకానికి కావలసిన సరంజామా అంతా అక్కడ ఉంది. అయినా నా పుస్తకంలో దాని ప్రస్తావన లేదు. ఈ టపా దాని గురించే.

నుకులావు చరిత్రలో మొదటి గొడవ ఒక సెలవుదినం నాడే జరిగింది. అమెరికా వాణిజ్య ప్రతినిధి జాన్ బ్రౌన్ విలియమ్స్ 1846లో ఆ దీవిని కొన్నాడు. 1849 జులై 4న, తన దేశపు స్వాతంత్ర్యదినపు వేడుకల నడుమ, అతని ఇల్లు అంటుకుని కాలిపోయింది. మిగిలిన సామాను స్థానికులు పట్టుకుపోయారని ఫిజీ పాలకుడు థాకొంబౌ మీద నష్టపరిహారం వేశాడు. ఇతర అమెరికన్ల ఫిర్యాదులు కూడా కలిసి ఆ బాకీ నలభై వేల డాలర్లు దాటింది. తీర్చలేని ఆ అప్పు ఒత్తిడి, ఇతర కారణాలతో కలిసి, 1874 అక్టోబరు 10న ఫిజీని బ్రిటిష్ వారి చేతిలో పెట్టింది.

మరుసటి ఏడాదే తట్టు సోకింది. సిడ్నీ వెళ్ళి వచ్చిన థాకొంబౌ పరివారంతో ఓడలో దిగిన ఆ వ్యాధి సుమారు 40 వేల మందిని పొట్టన పెట్టుకుంది. తొలి గవర్నరు ఆర్థర్ గోర్డన్ అంతకుముందు ట్రినిడాడ్‌లోనూ మారిషస్‌లోనూ పాలించినవాడు. చెరకు తోటలకు భారతీయ కూలీలను ఎలా రప్పిస్తారో ఎరిగినవాడు. స్థానికులను వారి పల్లెల్లోనే ఉండనిచ్చి, తోటలకు మనవాళ్ళను తెప్పించాడు. 1879 మే 14న 'లియోనిడాస్' వచ్చింది. తట్టు నేర్పిన భయంతో వచ్చిన ప్రతి ఓడనూ ముందు ఏదో ఒక దీవిలో ఆపేవారు. తరువాతి కాలంలో ఆ పనికి కుదిరినది నుకులావు. సువా కొండలు ఎదురుగా కనిపిస్తుండగా, ఒంట్లో జబ్బు లేదని తేలేదాకా, ఏ తోటకు పంపుతారో తెలిసేదాకా మనవాళ్ళు ఆ ఇసుక మీద గడిపేవారు.

మనవాళ్ళు అంటున్నాను. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా కూడా ఎగుమతి మొదలైంది. లౌతోకా చక్కెర మిల్లు నడక మొదలుపెట్టింది కూడా ఆ యేడే. 1916 నవంబరు 11న చివరి ఓడ 'సట్లెజ్' చేరేనాటికి ఫిజీకి వెళ్ళిన అరవై వేల పైచిలుకు కూలీలలో దాదాపు నాలుగోవంతు దక్షిణాదివారు. ఉత్తర ఆర్కాటు, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువారు అందులో ఉన్నారు. (మన చిత్తూరు సీమ 1911 దాకా ఉత్తర ఆర్కాటులోనిదే.)

వారు వేలిముద్ర వేసిన అగ్రిమెంటు వారి నోట 'గిర్మిట్' అయింది. ఐదేళ్ళ ఒప్పందం. వారంలో ఐదు రోజులు తొమ్మిదేసి గంటలు, శనివారం ఐదు గంటలు పని. ఆదివారాలూ సెలవుదినాలూ పని లేదు. మగవారికి రోజుకు ఒక షిల్లింగు, అంటే పన్నెండణాలు. ఆడవారికి తొమ్మిది పెన్నీలు. కాగితం మీద చూస్తే మన కచేరీ గుమాస్తాలు కూడా ఆశపడే షరతులు! కానీ కూలి గంటను బట్టి కాదు, ఆ రోజుకు కొలిచి ఇచ్చిన పనిని బట్టి. అది పూర్తి కాకపోతే పూర్తి కూలి రాదు, పైగా కోర్టుకు ఎక్కించవచ్చు. అనుమతి లేకుండా తోట వదిలితే నేరం. పది అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గదిలో ముగ్గురు మగవాళ్ళు, లేదా ఒక కుటుంబం. నూరుమంది పురుషులకు నలభైమంది స్త్రీలు చొప్పున పంపాలన్నది నిబంధన; దాని ఫలితం ఎంత దారుణమో చెప్పనక్కరలేదు. దక్షిణాదివారికి వీటన్నిటి పైన భాష ఒకటి. తోటలో చలామణీ అయ్యేది హిందీ. దాన్ని మేస్త్రీల తిట్లలోంచి నేర్చుకోవాలి.

ఇక్కడ కథ మళ్ళీ మా వీధులకే వస్తుంది. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషను వైపు వెళ్ళే దారిలో 'గోల్డెన్ త్రెషోల్డ్' ఉంది. అఘోరనాథ చట్టోపాధ్యాయ నివసించిన ఇల్లు, 1905లో వచ్చిన సరోజినీ నాయుడు కావ్యసంపుటి పేరు ధరించిన ఇల్లు. హైదరాబాదు విశ్వవిద్యాలయం 1974లో మొదలైంది కూడా అక్కడే. ఆ ఇంటి గురించి చెప్పేవారు కవిత్వం గురించి, గాంధీ గురించి చెబుతారు. ఫిజీ గురించి ఎవరైనా చెప్పగా నేను వినలేదు.

1912లో రేవా ప్రాంతపు తోటలో కుంతి అనే కూలీ స్త్రీ తోట దొర దౌర్జన్యం నుంచి తప్పించుకోవడానికి నదిలో దూకింది. ఆ వార్త మరుసటి సంవత్సరం ఇక్కడి పత్రికలకెక్కింది. 1914లో తోతారామ్ సనాఢ్య ఫిజీలో తన ఇరవై ఒక్క ఏళ్ళ బతుకును హిందీలో పుస్తకంగా తెచ్చాడు. 1915లో ఆండ్రూస్, పియర్సన్ స్వయంగా వెళ్ళి చూసి వచ్చారు. 1916 మార్చిలో వైస్రాయ్ హార్డింజ్ ఈ పద్ధతిని రద్దు చేస్తామన్నాడు గానీ, బదులు ఏర్పాటు జరిగేదాకా ఆగాలన్నాడు. ఆ ఆగడమే దేశాన్ని మండించింది. 1917 జనవరిలో అలహాబాదు సభలో సరోజినీ నాయుడు ఈ వలసకు వ్యతిరేకంగా, ముఖ్యంగా అక్కడి స్త్రీల మానరక్షణ గురించి ప్రసంగించారు. రెండు నెలలకే యుద్ధకాలపు చట్టం కింద కూలీల ఎగుమతి నిలిచింది. మిగిలిన గిర్మిట్‌లు 1920 జనవరి 1న రద్దయ్యాయి. ఒక్కరి ప్రసంగం వల్ల ఇదంతా జరిగిందనడం అతిశయోక్తి. కానీ ఆమె నిజాం రాజధాని నుంచి వెళ్ళి, తన ఊరికి ప్రత్యక్షంగా సంబంధం లేని కూలీ స్త్రీల కోసం మాట్లాడిందని మరిచిపోవడం మన బద్ధకం.

సుమారు 24 వేల మంది తిరిగి వచ్చారు. మిగిలినవారు కౌలు పొలాల్లో చెరకు వేశారు. 1926లో నాందిలో సాధు కుప్పుస్వామి దక్షిణాదివారికి సంగం స్థాపించారు. తమ భాషకు తగిన చోటు కావాలని తెలుగువారు 1941లో ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. నేడు తెలుగు అక్కడ పేర్లలోనూ పూజల్లోనూ మిగిలినంతగా నాలుక మీద మిగలలేదు. నాందిలో మీరు బస చేసే తనోవా హోటలు రెడ్డి గారి కుటుంబానిదే. చెరకు మోసిన చిన్న రైలుపట్టాల మీద తరువాత పర్యాటకుల బండి కూడా నడిచింది.

మరి నుకులావు? ఓడలు ఆగిపోయాక అది సువా వాసుల వనభోజనాల దీవి అయింది. 2000 మే 19న మహేంద్ర చౌధురి ప్రభుత్వాన్ని తుపాకులతో బంధించి, ఆయనను 56 రోజులు చెరలో ఉంచిన జార్జ్ స్పైట్‌ను ఆ తరువాత నిర్బంధించింది ఆ దీవిలోనే. కూలీ మనవడిని చెరపట్టినవాడు కూలీలు దిగిన ఇసుక మీదే ఖైదీ అయ్యాడు! కొన్నేళ్ళకు ఖైదీలను తరలించి, దీవిని మళ్ళీ వనభోజనాలకు తెరిచారు.

2023 మేలో ఫిజీ ప్రభుత్వం తొలిసారిగా గిర్మిట్ దినాన్ని సెలవుదినం చేసింది. 1987 మే 14న, 'లియోనిడాస్' వచ్చిన తేదీనాడే, తొలి సైనిక తిరుగుబాటు నడిపిన రబుకా ఈసారి ప్రధానిగా నిలబడి క్షమాపణ చెప్పాడు.

ఇంటికి వచ్చి పది రూపాయల పుస్తకంలోని పటం మరోసారి చూశాను. 'బ్లూ లగూన్' సినిమా తీసిన దీవికి గుర్తు ఉంది, 'కాస్ట్ అవే' తీసిన దీవికి ఉంది. సువాకు తూర్పున మాత్రం ఉత్త నీలమే. అక్కడ బాల్‌పెన్నుతో ఒక చుక్క పెట్టి, పక్కన పేరు రాశాను.