వేమూరు టికెట్‌కు ముందు నిడుబ్రోలు బడి

గుంటూరు ప్రాంతపు రాజకీయాల గురించి ఒక కథ బాగా స్థిరపడిపోయింది. స్వాతంత్య్రోద్యమం త్యాగధనులను ఇచ్చిందట. కాంగ్రెస్ కామందులకు పెత్తనం అప్పగించిందట. 1983లో ఎన్టీ రామారావు తలుపులు తెరిచి కొత్తవాళ్లను లోపలికి పిలిచారట. తర్వాత వారసులు వచ్చి మళ్లీ గడియ పెట్టారట. భట్టిప్రోలు మండలం ఉన్న వేమూరు నియోజకవర్గం వైపు నుంచి చూస్తే ఈ కథ సగం కూడా నిలవదు.

భట్టిప్రోలు ధాతు కరండాల మీద రెండు వేల ఏళ్ల కిందటే నిగమ సభ్యుల పేర్లు చెక్కారు. వాటిని చూపి ఇక్కడి ప్రజాస్వామ్యానికి వయసు కట్టే ఉత్సాహం ఉపన్యాసకులకు ఎప్పుడూ ఉంటుంది. మనం అంత దూరం పోనక్కర్లేదు. 1921లో చీరాల-పేరాల ఉద్యమం, ఆ వెంటనే పెదనందిపాడు పన్నుల నిరాకరణ ఈ ప్రాంతానికి నాయకులనిచ్చిన మాట నిజమే. అయితే జైలుకు వెళ్లొస్తే పరపతి పెరుగుతుంది గానీ, రైతు కట్టే శిస్తు ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో తెలిసిరాదు. ఆ చదువు 1930లలో మొదలైంది.

నిడుబ్రోలువాసి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో అర్థశాస్త్రం చెప్పిన ఎన్.జి. రంగా స్వగ్రామంలో రైతాంగ విద్యాలయం పెట్టారు. రైతుబిడ్డలను పిలిచి రాజకీయ, ఆర్థిక శాస్త్రాలు బోధించారు. వామపక్షీయులదీ అదే బాట. 1937 వేసవిలో కొత్తపట్నంలో రాజకీయ పాఠశాల పెడితే ప్రభుత్వం నిషేధించి లాఠీలతో చెదరగొట్టింది. తర్వాత అలాంటి పాఠశాలే బాపట్ల దగ్గరి మంతెనవారిపాలెంలో నడిచింది. రేపల్లె తాలూకా తూర్పుపాలెంలో 1914లో పుట్టిన మాకినేని బసవపున్నయ్య రాజ్యసభకూ, 1964 తర్వాత సీపీఎం పొలిట్‌బ్యూరోకూ ఎదిగింది ఈ తరంలోనే.

ఈ బడుల ప్రస్తావన చరిత్ర పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలకు మించదు. వాటి బలానికి మంచి సాక్షి కొణిజేటి రోశయ్య. 1933లో వేమూరులో, పలుకుబడి గల రాజకీయ వంశమేదీ వెనక లేని వైశ్య కుటుంబంలో పుట్టారు. నిడుబ్రోలులో రంగా దగ్గర రాజకీయ శిక్షణ పొందారు. 1968లో శాసనమండలికి వెళ్లి, ఆర్థికమంత్రిగా 16 బడ్జెట్లు ప్రవేశపెట్టి, 2009 సెప్టెంబరులో ముఖ్యమంత్రి అయ్యారు. సభలో అంకెలు పట్టుకుని చమత్కారంగా చురకలు వేసే ఆయన నేర్పు అందరికీ గుర్తే. దాన్ని పుట్టుకతో వచ్చిన హాస్యమని చెప్పి ఊరుకుంటారు. గురువు అర్థశాస్త్ర ఆచార్యుడన్న సంగతి మరుస్తారు.

అలాగని ఈ బడులను ఆకాశానికి ఎత్తలేం. నిడుబ్రోలు బడి గురువుది, పార్టీది కాదు. రంగా 1951లో కాంగ్రెస్‌ను వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టినా, 1959లో స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడైనా శిష్యులు ఆయన వెంట నడిచారు. రోశయ్యా నడిచారు. కమ్యూనిస్టుల శిక్షణ 1955 ఎన్నికల్లో వాళ్లను గట్టెక్కించలేదు. ఆంధ్ర అసెంబ్లీలోని 196 స్థానాల్లో వాళ్లకు దక్కినవి 15. అన్నిటికీ మించి, నిడుబ్రోలు బెంచీల మీద కూర్చున్నది ప్రధానంగా భూమి ఉన్న రైతు కుటుంబాలవాళ్లు. పాలేర్ల పిల్లలకు అక్కడ చోటెంత అంటే గర్వంగా చెప్పుకునే జవాబు రాదు.

1959లో వచ్చిన సమితులు, జిల్లా పరిషత్తులు ఇంకో నిచ్చెన వేశాయి. అయితే నిచ్చెన ఎప్పుడూ పైకే పోలేదు. వేమూరు నుంచి గెలిచి, మంత్రిగా పనిచేసిన యడ్లపాటి వెంకటరావు 1995లో గుంటూరు జిల్లా పరిషత్ ఛైర్మన్ అయ్యారు. జిల్లా పరిషత్ నుంచి మంత్రివర్గానికి వెళ్లాల్సిన దారిలో ఆయన ఎదురు నడిచారు.

ఇక 1983. తెలుగుదేశం చాలాచోట్ల డాక్టర్లనూ లాయర్లనూ రాజకీయాల్లోకి తెచ్చింది, కాదనలేం. కానీ వేమూరు టికెట్ ఎవరికిచ్చింది? 1978లో కాంగ్రెస్ తరఫున విజయవాడ తూర్పు నుంచి గెలిచి మంత్రి అయిన నాదెండ్ల భాస్కరరావుకు. 1984లో ఆయన ముప్పై ఒక్క రోజుల ముఖ్యమంత్రిత్వం అందరికీ తెలిసిందే. ఎన్టీఆర్ హయాంలో అంతకంటే విలువైన పని 1987లో జరిగింది. మండలాధ్యక్షుణ్ణి నేరుగా ఓటర్లే ఎన్నుకున్నారు. నిలబడ్డవాడు మండలంలోని ప్రతి ఊరూ, ప్రతి పేటా తిరగాల్సి వచ్చింది. 1994 చట్టం దాన్ని పరోక్ష ఎన్నికగా మార్చింది. నాటి నుంచి పది పదిహేనుమంది ఎంపీటీసీలను కూడగట్టుకుంటే చాలు. వారసత్వాన్ని తిట్టే వ్యాసాలు ఈ మార్పును పట్టించుకోకపోవడం విడ్డూరం.

ఇప్పుడు అభ్యర్థిని తేల్చేది ఫోన్‌లో మోగే ఐవీఆర్ఎస్ గొంతు, సర్వే బృందం నివేదిక. సర్వే తెలిసిన మొహాన్ని ఏరగలదు, తెలియని మనిషిని తయారుచెయ్యలేదు. వేమూరు 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు స్థానం. 2019లో ఇక్కడ గెలిచి మంత్రి అయిన మేరుగ నాగార్జునను 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ సంతనూతలపాడుకు పంపింది. వేమూరుకు వరికూటి అశోక్‌బాబును తెచ్చింది. ఇద్దరూ ఓడారు. ఏళ్ల తరబడి ఒకచోట పెంచుకున్న పరిచయాన్ని పార్టీయే పీకి పారేస్తే కార్యకర్త నేర్చుకునే పాఠం ఏమిటి?

తెలుగుదేశం ఈ విషయంలో నయం. ఓడినా నక్కా ఆనందబాబును కదపలేదు, 2024లో ఆయన మళ్లీ గెలిచారు. అయితే 2017లో ఆయనకిచ్చిందీ, 2022లో నాగార్జునకిచ్చిందీ సాంఘిక సంక్షేమ శాఖే. రిజర్వుడు స్థానాల నుంచి గెలిచిన మేకతోటి సుచరిత, తానేటి వనిత, వంగలపూడి అనిత హోంమంత్రులయ్యారు కాబట్టి ఇది శిలాశాసనం కాదు. కానీ వేమూరు విషయంలో రెండు పార్టీలూ, వాటి మధ్య ఎంత వైరం ఉన్నా, ఒకే గది తలుపు తీసి పెట్టాయి.