ఇంజిన్ ఆపినా ఫ్యాన్ ఎందుకు తిరుగుతుంది?
తెలంగాణ నేత కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన సూరత్‌లో వేసవి మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలకు చేరడం కొత్తేమీ కాదు. ట్రాఫిక్‌లో నెమ్మదిగా వచ్చిన కారును ఆపి, తాళంచెవి తీసేశాక కూడా బానెట్ కింద ఫ్యాన్ హోరు వినిపిస్తుంది. చాలాసార్లు ఇది లోపం కాదు.

చాలా కార్లలో ఇంజిన్‌తోపాటే కూలెంట్‌ను తిప్పే పంపు కూడా ఆగిపోతుంది. లోహంలో మిగిలిన వేడికి కూలెంట్ ఉష్ణోగ్రత కాసేపు పెరుగుతుంది. సెన్సర్ దాన్ని గుర్తించగానే రేడియేటర్ ఫ్యాన్ బ్యాటరీ కరెంటుతో తిరుగుతుంది. సాధారణంగా కొన్ని నిమిషాల్లో ఆగుతుంది. డీజిల్ కార్లలో పొగ ఫిల్టర్‌లోని మసి కాలుతుండగా ఇంజిన్ ఆపితే ఇంకొంతసేపు తిరగొచ్చు. విద్యుత్ కార్లలో ఛార్జింగ్ వేళా ఫ్యాన్ శబ్దం వస్తుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారినా ఫ్యాన్ ఆగకపోతే మాత్రం అనుమానించాలి. రిలే అతుక్కుపోయినా, సెన్సర్ చెడినా ఇలా జరుగుతుంది. రాత్రంతా తిరిగితే తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది. పదేపదే ఇలా జరుగుతున్నా, కూలెంట్ తగ్గుతున్నా మెకానిక్‌కు చూపించాలి.

ఆగి ఉన్న ఫ్యాన్ ఉన్నట్టుండి తిరగొచ్చు. అందుకే బానెట్ ఎత్తినప్పుడు చేతులు, చున్నీలు దానికి దూరంగా ఉంచాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదు. ఒత్తిడిలో ఉన్న కూలెంట్ ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది.